మోచేతి అతుకు

దర్జీ అక్క ఊరందరి బట్టలూ కుట్టేది కానీ, ప్రాణం మాత్రం గొడుగు నక్క మీదే. పిల్లల బొమ్మల పుస్తకాల్లో పొడుగు కోటు తొడుక్కుని, ఎక్కడ ఆగినా గొడుగు మీద మోచెయ్యి ఆనించే నక్క అది. దాని కోసం చెల్లెలితో కలిసి ఒక వెబ్‌సైట్ పెట్టింది. బొమ్మలు అక్క గీసేది, మిగతా పనంతా చెల్లెలు చూసేది. రాబడి పైసా లేదు, ఉన్నదల్లా సరదా.

అసలు పుస్తకాల్లో నక్క కోటుకు అతుకు లేదు. "అస్తమానం అలా ఆనుకుంటే ఏ గుడ్డ ఆగుతుందే?" అంటూ అక్కే కుడి మోచేతికి ఎర్రటి అతుకు గీసింది. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది! అది పిల్లలకు ఎంత నచ్చిందంటే, వాళ్లు గీసి పంపే నక్కలకూ అతుకు పెట్టేవారు. ఆ బొమ్మలన్నీ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. ఆ వెబ్‌సైట్‌ను చూపించే, చెల్లెలు నక్క పుస్తకాల కంపెనీలో ఉద్యోగం కొట్టింది. అక్క వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఇప్పుడు ఆ కంపెనీ నుంచే నోటీసు వచ్చింది. నక్క మీద హక్కులన్నీ తమవేనట, బొమ్మలు తీసెయ్యకపోతే కోర్టుకు ఈడుస్తారట. అక్కకు గుండె జారింది. అంతలోనే తేరుకుంది. లోపల మన మనిషి ఉండగా భయమెందుకు? ఫోన్ చేస్తే, "నేనొచ్చి మాట్లాడతాలే అక్కా" అంది చెల్లెలు.

వచ్చింది. ఎప్పటిలాగే తన కోటు ఒకటి మిషన్ మీద పడేసి, "మోచెయ్యి చిరిగింది, ఓ అతుకు వేసి పెట్టవా?" అంది. తర్వాత సంచిలోంచి కొత్త పుస్తకం తీసి, "ఇంకా బజార్లోకి రాలేదు, నీకే ముందు" అంది.

అట్ట మీద నక్క. కుడి మోచేతికి ఎర్రటి అతుకు.

"ఒసేయ్, నా అతుకే!" అక్క ముఖం వెలిగిపోయింది. "నాదని చెప్పావా వాళ్లకి?"

చెల్లెలు కిటికీ వైపు చూసింది. "నా ఆలోచనని చెప్పానక్కా. ఉద్యోగంలో చేరేటప్పుడే."

"మరి ఈ నోటీసు?"

"పాత బొమ్మలు అలాగే ఉంటే, ముందు ఎవరు గీశారో ఎవరైనా కనిపెట్టేస్తారు కదా. అందుకే... నేనే పంపించమన్నాను."

"పిల్లల బొమ్మలు కూడా పోవాలా?"

"అన్నీ పోవాలి."

కంచే చేను మేసింది. కంపెనీవాళ్ల పనే అయితే అక్క నాలుగు తిట్టుకుని ఊరుకునేది. ఇది తను జడలు వేసి పెంచిన పిల్ల.

"తీసేస్తావుగా అక్కా? లేకపోతే నా ఉద్యోగం పోతుంది."

"కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక నాకెక్కడిది? తీసేస్తాలే."

చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. అక్క ఆ కోటును పొందిగ్గా మడిచి, ఆమె చేతిలో పెట్టింది.

"అదేంటి, అతుకు వెయ్యవా?"

"మోచేతి అతుకు మీ కంపెనీదటగా. నేను వేస్తే మళ్లీ నోటీసు పంపిస్తావు."