పట్టు ఉడికించిన నీళ్ళు

నీలకు పదో నెల నిండకముందే బుగ్గల మీద ఎర్రని పొక్కులు లేచాయి. అవి మోచేతి మడతల్లోకి, మోకాళ్ళ వెనక్కి పాకాయి. బిడ్డ గోకేది, రసి కారేది, పక్కు కట్టేది, మళ్ళీ గోకేది. ధర్మవరంలో ఆ సందులోని ఆడవాళ్ళు బిడ్డను ఎత్తుకోవడం మానేశారు.

"గజ్జి గాదు గదా పుష్పా? మా పిల్లోళ్ళకి అంటుకుంటాదేమో!" అని పక్కింటి జయమ్మ గడప అవతలే నిలబడి అడిగింది. బిడ్డ తల్లి పుష్పావతి భయం గజ్జి కాదు, పెద్దరోగం, అంటే కుష్ఠు. ఆ మాట నోట రానివ్వలేక లోలోపలే కుమిలిపోయేది.

ఐదో తరగతిలో బడి మాన్పించాక ఆమె నేర్చిందల్లా పట్టు పనే. కరుకు పట్టును సోడా, సబ్బు వేసి మరిగిస్తే జిగురు వదిలి మెత్తబడుతుంది. బిడ్డ ఒళ్ళూ అట్లాగే కరుకెక్కింది కదా! ఆ నీళ్ళే చల్లార్చి, రెండు పూటలా ఒళ్ళు తోమి స్నానం చేయించసాగింది.

"పట్టుకు పోసేది పసిబిడ్డకు పోస్తారా యాడన్నా? నాలుగక్షరాలు వస్తే డాక్టరమ్మవైపోయినావా?" అంది అత్త అనసూయమ్మ.

"నువ్వు వండిన వంకాయ తినే నా పాలు చెడినాయత్తా!"

బిడ్డ మెడ కింద నెత్తురు చిమ్మిన రోజు పుష్పావతి భర్త వెంకటేశులు మగ్గం దిగి, ఇద్దరినీ రైల్లో పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోయాడు. అతను బయటే నిలబడ్డాడు.

డాక్టరు బిడ్డ చెయ్యి వెలుతురుకు తిప్పి చూశాడు. "పెద్దరోగం గాదమ్మా. అంటుకునేదీ గాదు. కొందరు పిల్లల తోలు పుట్టుకతోనే ఇట్లుంటాది. ఏం పోసి కడుగుతాండావు?"

చెప్పింది. ఆయన ఆమె వేళ్ళ సందుల్లోని బీటలు చూశాడు.

"పట్టుకు జిగురు పోవాల. బిడ్డ ఒంటి జిడ్డు పోకూడదు. గోరువెచ్చని నీళ్ళు, ఒక్క పూటే. తడి అద్దిన వెంటనే ఈ పూత పుయ్యి. పాత నూలుబట్ట వెయ్యి, గోళ్ళు కత్తిరించు. సోడా చేతులతో మాత్రం తాకొద్దు."

"పూర్తిగా పోతాదా సామీ?"

"తగ్గుతాది, మళ్ళా వస్తాది. పెరిగేకొద్దీ చానామందికి పోతాది. అందరికీ గాదు."

ఇంట్లో అడుగు పెట్టగానే, "ఏమన్నాడే?" అంది అత్త.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ రేపు పొద్దున మళ్ళీ పట్టు ఉడికించాలి.

"వంకాయ గాదత్తా. ఆ నీళ్ళు పోసి నేనే ఎక్కువ చేసినా. నా చేతుల నిండా సోడానే ఉండాది. నీలకు ఇంక నువ్వే నీళ్ళు పొయ్యాల."

"నెలదినాలు నన్ను ఆడిపోసుకుంటివి గదే!" అంటూనే అనసూయమ్మ కొంగు దోపి బిడ్డను అందుకుంది.

నీల గుక్కపట్టి ఏడుస్తూ తల్లి వైపు చేతులు చాచింది. పుష్పావతి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కదలకుండా నిలబడింది.