సామంత వాకిట్లో పురుడు

"నూనె రాలేదు. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు రేషన్ డీలరు జోగేన్ సామంత, కుర్చీలోంచి లేవకుండానే. అతని వెనకే కూలీలు జగద్ధాత్రి పూజ కోసం పెట్రోమాక్స్ లైట్లలో కిరసనాయిలు పోస్తున్నారు. సీసాల మెడలకు తాళ్లు కట్టుకుని పొద్దున్నించీ నిలబడ్డ, అంటరానివాళ్లుగా చూసే బాగ్దీ కులం ఆడవాళ్లు అది చూస్తూనే ఉన్నారు. వాళ్ల కళ్లకు చాటు చెయ్యాలన్న సిగ్గు కూడా లేదు ఆ పెద్దమనిషికి.

మంత్రసాని ఖాంతమణి ముందుకొచ్చింది. "బాబూ, మొన్న చీకట్లో పురుడు పోశాను. నెత్తురు ఆగట్లేదని నా చేతికి తెలిసేసరికి బాలింత చల్లబడిపోయింది. ఒక్క బుడ్డికి సరిపడా పొయ్యండి."

"మీవాళ్లు కనడం తగ్గించండి, నూనె అదే మిగులుద్ది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అలా నవ్వడానికే వాళ్లకు అక్కడ తిండి.

సాయంత్రం బాగ్దీ వాడంతా కూడింది. "బ్లాకాఫీసులో అర్జీ పెడదాం పిన్నీ," అన్నాడు కాలేజీలో చదివే సుబిమల్.

"పోయినసారి పెట్టిందేమైంది?" అంది ఖాంతమణి.

"విచారిస్తామన్నారు."

"ఆ ఆఫీసరే రేపు పూజకొస్తున్నాడు, పూరీలు మెక్కడానికి. అక్కడే విచారించుకుంటాడు. ఊళ్లో వెలుతురంతా సామంత వాకిట్లో ఉంటే మనం ఇక్కడ తడుముకోవడం దేనికి?"

"కేసులు పెడతారే," గొణిగాడు ముసలి నితాయి.

"పెట్టనీ. జైల్లో దీపమన్నా ఉంటది."

మర్నాడు పొద్దుగుంకగానే, బాగ్దీలు ఏనాడూ గడప దాటని ఆ వాకిట్లోకి ఆడవాళ్లు నడిచొచ్చారు. ఎండిపోయిన రేకు బుడ్డీలను గట్టు మీద పెట్టి పనుల్లో పడ్డారు. ఒకతె బీడీలు చుట్టసాగింది. ఇంకొకతె చేపలు తోముతోంది. చివరికి ఖాంతమణి, నొప్పులు పడుతున్న చెల్లెలి కూతురు పుంటిని తీసుకొచ్చి చాప మీద పడుకోబెట్టింది.

సామంత కుర్చీలోంచి లేచొచ్చాడు. "అంటు ముట్టు లేదా మీకు? పూజ చెడిపోద్ది, లేవండి."

"నొప్పులు నీ పూజ చూసుకుని రావు. వెలుతురున్న చోటే కంటది."

ఆఫీసరు మూతి తుడుచుకుని దొడ్డిదారిన జారుకున్నాడు. ప్రజాసేవ అంతవరకే.

"లైట్లు ఆర్పెయ్యండ్రా," అరిచాడు సామంత.

లైట్లు మోసే కూలీలూ బాగ్దీలే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకడు తన లైటు ఎత్తి పుంటి దగ్గరగా తెచ్చాడు. మిగతావాళ్లూ కదిలారు.

బిడ్డ ఏడుపు వినబడ్డాకే ఆడవాళ్లు వాకిటి పక్కనున్న రేషన్ కొట్టు తలుపు తోశారు. బియ్యం బస్తాల వెనక పీపాలు, "రాని" నూనెతో నిండుగా. ఎవరి వాటా వాళ్లు పోసుకున్నారు.

తెల్లారాక పోలీసులొచ్చి, దోపిడీ కేసని ఖాంతమణిని పట్టుకుపోయారు. దొంగ మాత్రం ఇంట్లో కాళ్లు పట్టించుకుంటున్నాడు.

ఆ వారంలోనే పక్క ఊరు పలాశ్‌డంగా డీలరు ఈ కబురు విని, తనంతట తనే టముకు వేయించాడు, నూనె వచ్చిందని. ఆ ఊరి ఆడవాళ్లొచ్చారు, ఉత్త చేతులతో.

"సీసాలేవమ్మా?" అన్నాడు, ఎన్నడూ లేని మర్యాదతో.

"నూనె సంగతి తర్వాత. ఇన్నాళ్లూ ఎటు పోయిందో ఠాణాలో చెబుదువు గాని, నడు. మీ డీలర్ల దొంగతనానికి ఖాంతమణి అక్కడుంది."

"నేనెందుకు?"

 ఒకామె అతని కొట్టుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. మిగతావాళ్లు అతన్ని మధ్యలో పెట్టుకుని ఠాణా దారి పట్టారు.