ఎనిమిది మలుపులో ఆగిన బండి

కౌంటరు మీది ఫోను గుర్రుమన్నప్పుడు ఆమె ఒక పెద్దాయన చెవి వెనక కళ్ళజోడు కొన సరిగ్గా వంగిందో లేదో వేలితో తడిమి చూస్తోంది. వెలిగిన తెర మీద నాలుగే ముక్కలు: స్కూటరు డ్రైవింగు పరీక్ష, పాస్. చదవడమే ఆలస్యం, పెద్దాయన చెవి వదలకుండానే గెంతింది.

"పాసయ్యానండీ!"

"నీ పాసు బంగారం గానూ, ముందు నా చెవి వదులు తల్లీ," అన్నాడాయన.

షాపంతా ఘొల్లుమంది. ఫ్రేముల కౌంటరు అక్క పరుగున వచ్చి వాటేసుకుంది. మొన్న పరీక్షకి వెళ్ళింది ఆ అక్క స్కూటరు మీదే.

"చూశావా, నా బండి చెయ్యి మంచిది!"

"బండికి చెయ్యెక్కడిదక్కా?"

"అయితే చక్రం మంచిది. ముందు తీపి తినిపించవే!"

ఆమెకు పెళ్ళయి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో ఆమెను సంతోషపెట్టడానికి పెద్ద సంగతులేవీ అక్కర్లేకపోయాయి. తాళంచెవుల గుత్తిలో తన పేరిట ఇంకో చెవి చేరినా పండగే, ఆరేసిన బట్టల్లో భర్త చొక్కా తన చీర మీద వాలినా పండగే. అలాంటిది లైసెన్సంటే మాటలా? అదీ రెండుసార్లు తప్పాక!

ఆ పరీక్ష చూడ్డానికి పిల్లలాటే. మైదానంలో సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీసి ఉంటుంది. దాని మీద నెమ్మదిగా బండి తిప్పాలి, కాలు నేలకి ఆనకూడదు. ఆనిందా, ఇంటికే. మొదటి రెండుసార్లూ ఆమె ఆయన స్కూటరు మీదే వెళ్ళింది. రెండుసార్లూ రెండో మలుపులో, ఎవరో గొంతు నొక్కినట్టు ఇంజను టప్పున ఆగింది. బండి ఒరిగింది, కాలు ఆనింది. గొడుగు కింద కూర్చున్న ఇన్‌స్పెక్టరు తలెత్తకుండానే "తర్వాతి వాళ్ళు" అన్నాడు.

కంచె అవతల ఆయన నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడి ఉండేవాడు.

"యాక్సిలరేటర్ వదిలేస్తున్నావు బుజ్జీ. పోనీలే, అందరికీ అన్నీ రావు. నేనున్నానుగా నీ డ్రైవర్ని!"

అప్పుడా మాట ఎంత తియ్యగా ఉందో! ఇంటికొచ్చాక ఆడపడుచు మాత్రం ఊరుకోలేదు. "మా వదిన ఎనిమిది వేస్తే చివరికి సున్నా మిగులుతుంది!" అంది. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది, లేకపోతే ఏడవాల్సి వచ్చేది. ఆ తర్వాత బండే కాదు, మిక్సీ స్విచ్చు వేయబోయినా చెయ్యి తడబడటం మొదలైంది. షాపులో సన్నని మరలు బిగించేటప్పుడు, ఇదీ నాకు రాదేమో అనిపించేది. డిగ్రీ చేతబట్టుకుని ఇన్ని పరీక్షలు గట్టెక్కిన మనిషికి తన చేతుల మీద తనకే అనుమానం పుట్టింది.

అందుకే మూడోసారి ఇంట్లో చెప్పకుండా, భోజనాల వేళ అక్క బండి తీసుకుని వెళ్ళింది. ఆ బండి ఎక్కడా ఆగలేదు. సూదిలో దారంలా రెండు మలుపులూ తిరిగి బయటికొచ్చింది.

ఆ సాయంత్రం ఆయనకి ఆఫీసులో ఆలస్యమవుతుందంటే ఆమె ఒక్కతే ఆటోలో వచ్చి, చాక్లెట్ల పొట్లం కొంది. ముందొకటి తీసి ఆయన కోసం పర్సులో దాచింది. వీధి మొగలో ఎప్పుడూ తమ బండి చూసే మెకానిక్కు కనిపించేసరికి కాళ్ళు వాటంతటవే ఆగాయి.

"పాసయ్యాను! తీసుకో!"

"అబ్బో! మన బండి మీదేనా మేడం?"

"మన బండైతే మళ్ళీ తప్పేదాన్నే. మలుపు తిప్పగానే ఆగిపోతుంది. దానికేం రోగమో ఓసారి చూడకూడదూ?"

మెకానిక్కు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నవ్వాడు. "రోగమా పాడా. ఐడిలింగు తగ్గిస్తే ఏ బండైనా అంతే. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను ఆగకుండా గురగురమంటూ ఉంటుంది చూడండి, ఆ కాస్త ఊపిరీ తీసేస్తే మలుపులో ఆగక ఏం చేస్తుంది? సార్ తగ్గించమన్నారు, తగ్గించాను. మర్నాడు పెంచమన్నారు, పెంచాను."

"ఎప్పుడు?"

"మీ టెస్టు ముందు రోజు సాయంత్రం. రెండోసారీ అంతే. 'సార్, రేపు మేడం ఎనిమిది తిప్పాలి కదా, ఆగిపోతుంది' అని కూడా అన్నాను. 'స్పీడుగా పోతుంది, నాకు భయం, తగ్గించు' అన్నారు." అతని నవ్వు సన్నగిల్లింది. "మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

ఆమె తలూపి నడిచింది. నాలుగు ఇళ్ళు దాటేదాకా ఆయన తరఫున తనే వకాల్తా పుచ్చుకుంది. పాపం, నిజంగానే భయమేమో. పడి దెబ్బ తగిలించుకుంటానని కాబోలు. కానీ భయమున్నవాడు నెమ్మదిగా వెళ్ళమని చెబుతాడు గానీ మలుపులో పడేయడు కదా? అయిదో ఇంటి దగ్గర నీళ్ళ సీసా గుర్తొచ్చింది. తను ఎక్కడ కాలు ఆనిస్తుందో ముందే తెలిసి, మూత తీసి మరీ పట్టుకున్న సీసా. దాహం తీరేలా తాగి, ఆ చేతికే ముద్దు పెట్టింది తను.

ఇంట్లో అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆడపడుచు గోళ్ళకు రంగు వేసుకుంటోంది. ఆయన అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

"పాసయ్యాను," అంది ఆమె గుమ్మంలోనే.

"నిజంగానా వదినా? ఇన్‌స్పెక్టరు గానీ నిద్రపోయాడా?" అంది ఆడపడుచు.

"నోర్ముయ్యవే," అంది అత్తగారు నవ్వుతూ. "శుభమా అని కబురు తెస్తే!"

ఆయన నవ్వు మాత్రం ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. "టెస్టుకి ఎప్పుడెళ్ళావు? చెప్పలేదేం?"

"చెబితే మీరు ముందు రోజే బండి సిద్ధం చేయించేవారుగా."

బూటు తాడు దగ్గర ఆయన వేళ్ళు ఆగిపోయాయి. ఆమె గదిలోకి వెళ్ళింది. ఆయన వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"బుజ్జీ, మెకానిక్కు ఏదో..."

"అబద్ధమాడితే ఇంకోటి అవుతుంది. రెండు పరీక్షలకీ కలిపి ఇప్పటికే రెండున్నాయి."

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. "పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు. నా వీపు మీద తల ఆనించి షాపు కబుర్లు చెబుతావు. రోజంతా నాకు దొరికేది అదే. లైసెన్సు వస్తే ఇంకో బండి కొందామంటావు. నీ దారి నీది, నా దారి నాది."

నిన్న ఈ మాట విని ఉంటే ఆమె కరిగి నీరయ్యేది. ఇవాళ కూడా లోపల ఎక్కడో కాస్త కరిగింది, దాని మీదే ఎక్కువ మండింది.

"ఆ ఇరవై నిమిషాలు కావాలని ఒక్కమాట అడిగి ఉంటే, లైసెన్సు పెట్టెలో పడేసి మీ వెనకే ఎక్కేదాన్ని. మీరు అడగలేదు. నేను చేతకానిదాన్నని నన్నే నమ్మించారు. మీ చెల్లెలు నవ్వితే తెలియక నవ్వింది. మీరు అన్నీ తెలిసి నవ్వారు."

"తప్పయింది. కాళ్ళు పట్టుకోమంటావా?"

"నా కాళ్ళు మీకెందుకు? నేల మీద ఆనించారుగా, రెండుసార్లు."

అవతలి గదిలో ఆడపడుచు ఎవరికో ఫోన్లో చెబుతోంది: "అవునే, మూడోసారికి! ఎలా పాసయిందో దేవుడికే తెలియాలి."

ఆ మాట ఇద్దరికీ వినబడింది. ఆయన లేచి తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు వద్దు," అంది ఆమె. "నా కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఇలా ఎవరి ముందుకీ రాను. రేపు పొద్దున ఏడింటికి అందరూ టీకి కూర్చుంటారు. బండి రెండుసార్లు ఎందుకు ఆగిందో మీ అమ్మకీ చెల్లికీ మీ నోటితోనే చెబుతారు, నేను ఎదురుగా కూర్చుని వింటాను. చెప్పాక ఏడున్నరకి బండి నేను తీస్తాను. మీరు బస్సులో వెళ్తారు."