బండి ర

ఆబిడ్స్‌లోని ఒక పెళ్లి కార్డుల దుకాణంలో స్వర్ణ తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆర్డర్లు రాసుకోవడం, అచ్చుతప్పులు చూడడం, కార్డులు కట్టలు కట్టడం ఆమె పని. రెండేళ్ల కిందట ఒక పెళ్లివారు కవర్ల మీద చుట్టాల పేర్లు చేత్తో రాసి ఇమ్మన్నారు. యజమానురాలు రశ్మి ఆ పని స్వర్ణకు అప్పజెప్పింది. రెండు రోజులు కూర్చుని నూటయాభై కవర్లు రాసింది స్వర్ణ. మర్నాడు పెళ్లికూతురి తల్లి వచ్చి, వాటి మీది వంకర అక్షరాలు చూసి, కోపమేమీ లేకుండానే ఉత్త కవర్లు ఇమ్మని అడిగింది. రశ్మి కూడా ఒక్క మాట అనలేదు. అందుకే స్వర్ణకు మరింత సిగ్గనిపించింది.

ఆ కవర్లు పారేద్దామని బయటికి తెస్తే, ఎదురు భవనం మెట్ల కింద కూర్చునే బాలమల్లు చెయ్యి చాచి ఒకటి తీసుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి. నాంపల్లి నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఎన్నో దుకాణాల బోర్డులు ఒకప్పుడు ఆయన రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక ఇళ్ల పేర్లు, బండి నంబర్లు రాసుకుంటున్నాడు.

“నీ చెయ్యి ఉరుకుతున్నది, గంతే,” అన్నాడు కవరు తిప్పి చూస్తూ. “జర ఆపితే అక్షరం నిలవడ్తది. రోజు షట్టర్ లేపకముందు అర్ధగంట రా, బిడ్డా.”

నెల రోజుల పాటు ఆయన ఆమెను ఒక్క అక్షరం కూడా రాయనివ్వలేదు. సున్నాలు, తలకట్లు, మళ్లీ సున్నాలు. తెలుగులో సగం అక్షరాలు సున్న పొట్టలోంచే పుట్టాయని, అది కుదిరితే మిగతావి వాటంతటవే దారికొస్తాయని చెప్పాడు. స్వర్ణకు విసుగొచ్చేది. చదువు మానేసిన ఇరవై ఏళ్లకు ఒకటో తరగతిలో కూర్చున్నట్టుండేది. అయినా వెళ్లేది. పొద్దున్నే ఆ మెట్ల కింద, బస్సుల రొద మధ్య, తన గురించి తప్ప ఇంకెవరి గురించీ ఆలోచించని అర్ధగంట అది. ఇంట్లో, దుకాణంలో ఆమెకు అలాంటిది ఎన్నడూ దొరకలేదు.

ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేకపోయింది. ఆ లోటు తీర్చాలని ఒక్క రోజే పన్నెండు పేజీలు నింపి తెచ్చింది. బాలమల్లు వాటిని చూడనైనా చూడలేదు. నాలుగు రోజుల తిండి ఒక్క పూట తింటే ఒంటికి పట్టదని చెప్పి, కొత్త కాగితం ముందుకు జరిపి ఒక్క వరుస రాయమన్నాడు. ఆ రోజు నుంచి ఆమె తప్పిన రోజుల గురించి బాధపడడం మానేసింది. మరుసటి రోజు మాత్రం తప్పకుండా వచ్చేది.

ఏడాది తిరిగేసరికి కవర్ల మీద స్వర్ణే రాయాలని అడిగేవాళ్లు వచ్చారు. బషీర్‌బాగ్ నుంచి ఒకాయన కూతురి పెళ్లికి మూడు వందల పేర్లు రాయించుకుని, చదివిన చుట్టాలంతా ఫోన్ చేశారని చెప్పడానికే మళ్లీ వచ్చాడు.

ఆ ఎండాకాలం బాలమల్లు కుడిచెయ్యి వణకడం మొదలైంది. దాచుకున్నాడు కానీ, నంబరు ప్లేటు మీద మూడు అంకె పాడవడం ఆమె చూసింది. అదే వారం నాంపల్లిలోని ఒక సర్కారు బడి నుంచి హెడ్ మేడమ్ పద్మ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఒకటో తరగతి గోడ మీద వర్ణమాల రాయాలట. ముప్పై ఏళ్ల కిందట ఆయనే రాశాడు, తర్వాత సున్నంలో పోయింది. ఆయన ఒప్పుకున్నాడు. స్వర్ణను కూడా రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు.

ఆదివారం గదిలోకి వెళ్లాక దారానికి సుద్ద రాసి గోడ మీద గీతలు కొట్టించాడు. తర్వాత బ్రష్షు ఆమె చేతిలో పెట్టాడు. కాగితం మీద వేళ్లు కదిలితే చాలు, గోడ మీద గీత భుజం నుంచి రావాలి. మొదటి ‘అ’ కిందికి కారింది. కిరోసిన్ గుడ్డతో తుడిచి మళ్లీ రాయమన్నాడు. మూడోసారికి నిలబడింది. అలా మూడు ఆదివారాలు. ఆయన వెనక స్టూలు మీద కూర్చుని ‘ఊఁ’ అంటే ముందుకు, ఏమీ అనకపోతే తుడుపు.

యాభైయారు అక్షరాల్లో చివరిది బండి ర, ‘ఱ’. అది తాను రాస్తానని లేచాడు బాలమల్లు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి రాశాడు. రెండు సున్నాలూ వంకరపోయాయి. దూరంగా జరిగి చాలాసేపు చూశాడు.

“తుడిసెయ్యి,” అన్నాడు.

“నీ చేతిది ఒక్కటన్న ఉండనీ కాకా.”

“పిల్లలు దీన్ని సూసే నేర్సుకుంటరు. వాళ్లకు నా ముసల్తనం నేర్పుతవా?” మళ్లీ మెల్లగా అన్నాడు. “ఇంక యాభై అయిదు ఉన్నయ్ గదా, నా చేతియి.”

స్వర్ణకు కళ్లు మసకబారాయి. ఆయన అక్షరాన్ని తుడిచింది. తడి ఆరేదాకా ఆగింది. తర్వాత ఆమె రాసింది. ఆయన ‘ఊఁ’ అన్నాడు.

తిరిగి వస్తూ మొజంజాహీ మార్కెట్‌లో మామిడి ఐస్‌క్రీం తిన్నారు. కప్పు ఆయన చేతుల్లో వణుకుతూంటే పట్టుకోబోయి ఆగింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని నింపాదిగా తింటున్నాడు.

“ఎట్ల జెప్పాల్నో తెల్వది కాకా,” అంది. “నువ్వు నాకు ఏమిచ్చినవో నీకు ఎరుకేనా?”

బాలమల్లు చెంచా ఆపాడు. తనకు పని నేర్పిన గురువుకు తాను ఈ మాట చెప్పనేలేదనీ, చెబుదామనుకునే లోపే ఆయన పోయాడనీ అన్నాడు. “నువ్వు జెప్పినవు. మంచిగయింది.”

ఇంకో చెంచా తిన్నాక గుర్తొచ్చినట్టు అన్నాడు. “‘ళ’ నడుము జర వంగింది. రేపు పొద్దుగాల కాగితం మీద సూద్దాం.”