మూడో చెయ్యి

నేను ఒక మంగలికత్తిని. కందుకూరు దగ్గర ఒక కమ్మరి విరిగిన లారీ కమాను ముక్కతో నన్ను చేశాడు. పిడి గేదెకొమ్ము. ఎక్కువ చెప్పడం నాకు రాదు. ఎన్నో నోళ్ల పక్కన తిరిగాను. మాటలన్నీ ఆ నోళ్లే ఆడేశాయి.

మొదట పిచ్చయ్య చేతిలో పడ్డాను. యాభై దాటాక ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఊరికే పట్టుకుంటే వణికేది. చెంప మీద ఆనించగానే నిలిచేది. కల్లు వణుకని ఊరంతా అన్నారు. మంగళవారం మాకు సెలవు. ఆయన తాగింది ఆ ఒక్కరోజే. వణుకు వారమంతా ఉండేది. నన్నెవరూ అడగలేదు.

తర్వాత ఆయన కొడుకు మాలకొండయ్య. నలభై ఏళ్లు గీశాడు. గొంతు నా కింద పెట్టి మనుషులు కళ్లు మూసుకుంటారు. అంత నమ్మకం ఎందుకో నాకిప్పటికీ తెలియదు. ఆయన మాత్రం చుక్క నెత్తురు రానీయలేదు. అరవై రెండో ఏట ఆయనకూ అదే వణుకు. అదే చెయ్యి. ఎవరూ మొహాన ఏమీ అనలేదు. "ఈసారి గడ్డం పెంచుతుండా మాలకొండయ్యా" అన్నారు. సగం ఊరు గడ్డాలు పెంచింది.

కూతురు శేషారత్నం కందుకూరులో బ్యూటీపార్లర్ నడుపుతుంది. దారంతో కనుబొమలు దిద్దుతుంది. తండ్రిని ఆసుపత్రిలో చూపించింది. పార్కిన్సన్స్ జబ్బన్నారు. ఆ రోజు నుంచి తన వేళ్ల వంక చూసుకోవడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకు ఆ జబ్బు మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఒకామె ఇంటికి వచ్చింది.

"ఈ జబ్బు జన్యువుల లెక్కలు చాలావరకు పడమటి దేశాలవాళ్ల రక్తం చూసి రాసినవి పెద్దాయనా. మనవాళ్లలో ఎలా ఉందో తెలియాలి. మీ నాన్నగారికి వణుకు ఉండేదా?"

"అది కల్లు వణుకండీ."

నేను ఆయన జేబులోనే ఉన్నాను.

"పోల్చి చూడటానికి జబ్బు లేని మనిషి ఒకరు కావాలి. మీకు రక్తసంబంధం ఉండకూడదు."

"మా చెంచయ్య బావ ఉండాడు. డెబ్బై నాలుగేళ్లు. చెయ్యి బండరాయి."

ఇద్దరి నెత్తురూ తీశారు. ఇన్నేళ్లలో నేను అంత నెత్తురు చూడలేదు.

ఎనిమిది నెలలకు ఆమె మళ్లీ వచ్చింది. చెంచయ్యను కూడా పిలిపించింది.

"మీ ఇద్దరి జన్యువుల్లోనూ ఒకే మార్పు, ఒకే చోట ఉంది. ఈయన మీకేమవుతారు?"

"నా భార్యకి అన్న."

"పెళ్లికి ముందు?"

"మా మేనత్త కొడుకు."

"రక్తసంబంధం లేదన్నారే!"

"ఇంటిపేరు వేరండీ" అన్నాడు మాలకొండయ్య.

చెంచయ్యకు కోపం వచ్చింది. "మా నెత్తురూ వాళ్ల నెత్తురూ ఒకటెట్టయిద్దమ్మా? మేం దేవరపల్లోళ్లం!"

డాక్టరమ్మ నవ్వింది. శేషారత్నం నవ్వలేదు.

"అదే మార్పు ఉన్నా మామకు వణుకు రాలా. నాన్నకు వచ్చింది. మరి నాకు వచ్చిద్దా, రాదా?"

"ఆ మార్పు ఉన్నంత మాత్రాన జబ్బు రావాలని లేదమ్మా. అది ఉన్న మనవాళ్లలో ఎందరికి వస్తుందో ఇంకా ఎవరూ లెక్క తేల్చలేదు. నీ రక్తం చూస్తే మార్పు ఉందో లేదో చెప్పగలను. వణుకు సంగతి చెప్పలేను."

శేషారత్నం నెత్తురు తియ్యమని చెయ్యి చాచలేదు.

డాక్టరమ్మ వెళ్లాక మాలకొండయ్య తన గడ్డం తడుముకున్నాడు. పది రోజుల గడ్డం. "బావా, కాస్త గీద్దువు రా" అన్నాడు. చెంచయ్య లేచేలోగా శేషారత్నం తండ్రి జేబులోంచి నన్ను తీసింది.

"మన ఇళ్లల్లో ఆడోళ్లు కత్తి పట్టరే పిల్లా."

"దారం కొయ్యదనుకున్నావా మామా? నువ్వు కూర్చో."

సబ్బు పూసింది. మాలకొండయ్య తల ఎత్తి కళ్లు మూసుకున్నాడు. ఆమె ఎడమచేత్తో చర్మం సాగదీస్తుంటే నేను కుడిచేతిలో ఊరికే ఉన్నాను. వణుకు ఉంటే అప్పుడే తెలుస్తుంది. వెనకటి రెండు చేతుల్లోనూ అలాగే తెలిసింది. వెతికాను. ఈ చెయ్యి నిలకడగా ఉంది. వయసు ముప్పై ఆరే. ఇంతకు మించి నాకూ తెలియదు.

నెత్తురు రాలేదు. నన్ను తుడిచి, తండ్రి పాత పనిముట్ల సంచిలో పెట్టింది. రేపు మంగళవారం, సెలవు. గడ్డం ఎలాగూ పెరుగుతుంది. మళ్లీ ఆ చేతిలోకి వెళ్లినప్పుడు చూస్తాను.