వేలెత్తితే ఆగే చెయ్యి

నిన్న ఆస్పత్రిలో కట్టు మార్చినప్పుడు ఆ వెల్డర్‌ని నలుగురు కలిసి అదిమి పట్టుకుని, “అయిపోయింది, ఇంకొక్కటే” అని ఏడుసార్లు అబద్ధమాడారట. అందుకే ఈరోజు కట్టు సామాను ట్రే కనబడగానే అతను బాగున్న కాలితో దాన్ని ఎగరదన్నాడు. రెండో కాలు తొడ నుంచి మోకాలి దాకా కాలిపోయి ఉంది.

“నేను పట్టుకుంటాను సిస్టర్, మీరు కానివ్వండి,” అంటూ అతని బావమరిది చొక్కా చేతులు పైకి మడిచాడు.

నర్సు అతన్ని బయటికి పంపేసి, కొత్త ట్రే తెచ్చుకుంది. నొప్పి మందు ఇచ్చి అరగంటయింది. ఇక మందుకు లొంగనిది భయమే. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

“అన్నా, నొప్పి ఉండదని చెప్పను. ఉంటుంది. మీరు వేలెత్తితే మాత్రం ఆపేస్తాను. పది లెక్కపెట్టుకుని, మీరు సరేనంటేనే మళ్ళీ మొదలు.”

“అందరూ అలాగే అంటారు.”

ఆమె గాజుగుడ్డ తడిపి పాత కట్టు అంచు ముట్టుకుంది. వేలు లేచింది. ఆపింది. మళ్ళీ ముట్టుకుంది, మళ్ళీ లేచింది. మూడోసారి చెయ్యి చాపకముందే ఎత్తాడు.

“ఆవిడతో ఆటలేంటయ్యా!” అని పక్కనే ఉన్న అతని భార్య తల పట్టుకుంది.

గుమ్మంలోంచి డాక్టరు గొంతు ఖంగుమంది. “ఇంకా ఎంతసేపమ్మా? గట్టిగా పట్టి లాగేయ్!”

ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

“మాటిచ్చాను సార్,” అంది.

ఆగుతూ, విప్పుతూ మోకాలి పైదాకా వచ్చింది. అక్కడ గుడ్డ పుండుకు అంటుకుపోయింది. సగం ఊడింది. ఇంకొక్క లాగు లాగితే వచ్చేసేదే. సరిగ్గా అప్పుడే వేలు లేచింది. ముందుకు పోతున్న చేతిని ఆమె బలవంతాన ఆపుకుంది.

“ఊపిరి మెల్లగా వదలండి.”

అతను లెక్కపెట్టాడు. ఏడు దగ్గర ఆగి, మళ్ళీ అందుకున్నాడు. పది అయ్యాక కూడా సరే అనలేదు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఆమె కదల్లేదు.

“కానివ్వు చెల్లెమ్మా,” అన్నాడు వెల్డర్ చివరికి.

అతని కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి, పళ్ళు పటపట కొరుక్కున్నాడు. కాలు మాత్రం కదల్లేదు.

ఇరవై నిమిషాల పని నలభై అయింది. వరండాలో డాక్టరు ఆమెను చెడామడా తిట్టాడు. కళ్ళు తుడుచుకుని లోపలికొస్తే, వెల్డర్ భార్య అడిగింది: “రేపూ మీరేనా అమ్మా?”

“రేపు నాకు సెలవు.”

మంచం మీద అతని ముఖం పాలిపోయింది. ఆమె సెలవు ఎల్లుండికి మార్చమని అడగడానికి ఇన్‌చార్జి గదికేసి నడిచింది.