చౌడెక్కిన మడి

ఆ రోజు ఇంట్లో ఖైసర్ బేగం, ఆమె మనవరాలు యుస్రా, పైవాటాలో అద్దెకుండే నవనీత పెద్దమ్మ, ఆమె దగ్గరుండి చదువుకునే పల్లెటూరి పిల్ల నవనీత ఉన్నారు. నలుగురూ పెరట్లో మాడిపోయిన వంగనారును చూస్తున్నారు.

బోరునీళ్లు పోసీ పోసీ ఆ మడి చౌడెక్కి, పైన ఉప్పు తెల్లగా తేలింది. ఎరువేస్తే బాగవుతుందని చెప్పింది నవనీతే. ఊళ్లో వాళ్ల నాన్న చౌడు చెలకను బాగా మాగిన పశువుల ఎరువుతోనే కూరగాయలు పండేలా చేశాడు. అన్నీ తెలిసి కూడా, ఎరువు తేవడానికి వెళ్లిన గౌలిపుర బర్రెల కొట్టంలో నలుగురు మగవాళ్లను చూసేసరికి ఆమెకు నోరు పెగల్లేదు. మాగిన కుప్ప వెనక కనిపిస్తూనే ఉంది. వాళ్లు మూత్రంలో నానిన పచ్చిపేడ సంచికెత్తితే తలూపి తెచ్చేసింది. అందులోని ఉప్పు మడిలోని ఉప్పుకు తోడైంది.

"బర్రెను గూడ తోలుకొస్తే అయిపోవు," అంది యుస్రా ముక్కు మూసుకుని.

ఖైసర్ బేగం నవ్వలేదు. "మా అమ్మీ ఉన్నప్పటి సంది ఏటా దాచుకుంటొస్తున్న విత్తనం. మొత్తం పోసిన. ఆ ఎరువు పచ్చిదని నీకు ఎరుకేనా, బేటీ?"

నవనీత తలూపింది.

"ఎరుకుండి గూడ చెప్పలేదేంది?"

నవనీత ఖాళీ సంచి తీసి దులిపింది.

మధ్యాహ్నం ఒక్కతే గౌలిపురకు వెళ్లి మాగిన ఎరువు కావాలని అడిగింది. "గా మాట అప్పుడే అనకపోయినవా, బిడ్డా," అంటూ కొట్టం ముసలాయన సంచి నింపాడు.

సంచి మోసుకొచ్చి కింది వాటా తలుపు తట్టింది. సిగ్గుపడి అడగలేదని చెప్పాలని దారంతా మాటలు కూడగట్టుకుంది. ఖైసర్ బేగం తలుపు తీసి, పొడిపొడిగా ఉన్న ఎరువును వేళ్లతో నలిపి చూసింది.

"మంచిగుంది," అంది. "విత్తనమే లేదు."

నవనీత నోరు తెరిచేలోగా తలుపేసుకుంది.